పట్టిక ఎక్కడ, మ్యాట్రిక్స్ ఎక్కడ: పలాస జీడిపప్పు లెక్కలతో వ్యాపార నివేదికల సమగ్ర మార్గదర్శి

పలాస-కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారం చేసే యజమాని తన గుమాస్తాను అడిగే ప్రశ్నలు సాధారణంగా రెండు రకాలుగా ఉంటాయి. "మొన్న బరంపురం పంపిన సరుకు బిల్లు ఎంతయిందయ్యా?" అన్నది మొదటి రకం. "ఈ ఏడు గుండు ఏ నెలలో బాగా కదిలింది, బద్ద ఏ నెలలో నిలిచిపోయింది?" అన్నది రెండో రకం (గుండు అంటే విరగని పూర్తి పప్పు, బద్ద అంటే రెండుగా చీలిన పప్పు). మొదటి ప్రశ్నకు ఒకే ఒక వరుస వెతికి చూపితే సరిపోతుంది. రెండో ప్రశ్నకు వందలాది వరుసలను గ్రేడు వారీగా, నెల వారీగా కూడి, అడ్డంగానూ నిలువుగానూ పోల్చి చూసుకునేలా పరచాలి. మొదటి పనికి పనికొచ్చేది పట్టిక, రెండో పనికి పనికొచ్చేది మ్యాట్రిక్స్. గ్రాఫు చూస్తే అమ్మకాలు పెరిగాయో తగ్గాయో తెలుస్తుంది గాని, రూపాయి దాకా లెక్క తేలాలంటే ఈ రెండింటిలో ఏదో ఒకటి తప్పదు.

ఈ మార్గదర్శిలోని మెట్లన్నీ మైక్రోసాఫ్ట్ వారి నివేదికల సాఫ్ట్‌వేర్ పవర్ బీఐ డెస్క్‌టాప్‌ను దృష్టిలో పెట్టుకొని రాసినవి. ఎక్సెల్‌లో పివట్ టేబుల్ వాడేవారికి మెనూల పేర్లు మారతాయి గాని, ఆలోచనా క్రమం దాదాపు ఇదే. ఉదాహరణల్లోని అంకెలు లెక్క విడమరచడానికి వేసుకున్నవే తప్ప ఏ ఒక్క దుకాణానివీ కావు.

మొదటి మెట్టు: ఒక వరుస అంటే ఏమిటో తేల్చుకోవడం

తెర మీద పట్టిక గీయడానికి ముందు, మూల డేటాలో ఒక వరుస దేనికి గుర్తో ఒక వాక్యంలో రాసుకోవాలి. ఒక వరుస అంటే ఒక బిల్లా, లేక బిల్లులోని ఒక గ్రేడా, లేక ఒక రోజు మొత్తం అమ్మకమా? ఈ ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గాని, నివేదికల్లో వచ్చే తప్పు మొత్తాల్లో అధిక భాగం దీన్ని దాటవేయడం వల్లనే వస్తాయని నా అభిప్రాయం.

ఒక బిల్లులో డబ్ల్యూ 240 గుండు, డబ్ల్యూ 320 గుండు (ఇవి పప్పు సైజును చెప్పే గ్రేడులు), బద్ద అనే మూడు సరుకులు ఉన్నాయనుకుందాం. ఆ బిల్లుకు లారీ కిరాయి 1,800 రూపాయలు. డేటాను సరుకు వారీగా విడదీసినప్పుడు మూడు వరుసలు ఏర్పడతాయి, కిరాయి మాత్రం మూడింటి పక్కనా 1,800 గానే పడుతుంది. పట్టిక అడుగున ఉన్న మొత్తం ఆ బిల్లుకు 5,400 రూపాయల కిరాయి చూపిస్తుంది. సాఫ్ట్‌వేర్ తప్పేమీ చేయలేదు, దాని ముందు పెట్టిన మూడు అంకెలను కూడింది, అంతే. దీనికి రెండు పరిష్కారాలున్నాయి. బిల్లుకు చెందిన వివరాలను (తేదీ, పార్టీ అంటే కొనుగోలుదారు, కిరాయి) ఒక టేబుల్‌లోనూ, సరుకుకు చెందిన వివరాలను (గ్రేడు, తూకం, ధర) మరో టేబుల్‌లోనూ ఉంచి, బిల్లు నంబరుతో రెండింటినీ ముడివేయడం మొదటిది. కిరాయిని తూకం నిష్పత్తిలో మూడు వరుసలకూ పంచడం రెండోది. గ్రేడు వారీగా లాభం చూడాలనుకునేవారికి రెండోది తప్పనిసరి. మిగిలినవారికి మొదటిదే మేలు.

రెండో మెట్టు: కాలమ్‌లను శుభ్రం చేయడం

కొన్ని అంకెలు చూడటానికి అంకెలే గాని లెక్కకు పనికొచ్చేవి కావు. జీడిపప్పు హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (పన్ను లెక్కల కోసం సరుకుకు ఇచ్చే సంఖ్య) 080132. దీన్ని అంకెగా దిగుమతి చేసుకుంటే ముందున్న సున్నా రాలిపోయి 80132 అవుతుంది, ఆపైన పట్టికలో పెట్టగానే అన్ని వరుసల కోడ్‌లూ కూడబడి అర్థంలేని పెద్ద సంఖ్య ఒకటి అడుగున తేలుతుంది. హెచ్‌ఎస్‌ఎన్ కోడ్, బిల్లు నంబరు, ఫోన్ నంబరు, పిన్ కోడ్ ఇవన్నీ పవర్ క్వెరీలోనే (పవర్ బీఐలో డేటాను దిగుమతి చేసి శుభ్రం చేసే భాగం) టెక్స్ట్ రకానికి మార్చి ఉంచాలి.

తూకాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పిక్కల (పెంకు తీయని జీడి గింజల) ధర 80 కిలోల బస్తా లెక్కన పలుకుతుంది. పప్పు స్థానిక అమ్మకాల్లో 10 కిలోల టిన్నుగానూ, ఎగుమతి సరుకులో 25 పౌండ్ల టిన్నుగానూ, అంటే 11.34 కిలోలుగానూ కదులుతుంది. "టిన్నులు" అనే ఒకే కాలమ్‌లో రెండు రకాలనూ కలిపితే ఆ మొత్తానికి అర్థమే ఉండదు. అందువల్ల ప్రతి వరుసకూ "కిలోలు" అనే కాలమ్‌ను తప్పనిసరిగా చేర్చి, కూడికలన్నీ దాని మీదనే చేయాలి. టిన్నుల సంఖ్యను చూపదలిస్తే వివరంగా చూపవచ్చు, మొత్తం మాత్రం వేయకూడదు.

ఊళ్ల పేర్లకు విడిగా ఒక టేబుల్ ఉండాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు పాలకొండ ప్రాంతం శ్రీకాకుళం జిల్లా నుంచి పార్వతీపురం మన్యం జిల్లాకు వెళ్లింది. అంతకుముందు టెక్కలి డివిజన్‌లో ఉన్న పలాస తానే ఒక రెవెన్యూ డివిజన్ కేంద్రమయింది. పాత బిల్లుల్లో జిల్లా, డివిజన్ పేర్లు పాత పద్ధతిలోనే ఉంటాయి. వాటిని యథాతథంగా మ్యాట్రిక్స్‌లో పెడితే పాలకొండ పార్టీ ఒక్కటే రెండు జిల్లాల కింద రెండుసార్లు కనిపిస్తుంది, ఏ జిల్లాలోనూ దాని పూర్తి కొనుగోలు తెలియదు. బిల్లులో ఊరి పేరు లేదా కోడ్ మాత్రమే ఉంచి, మండలం, డివిజన్, జిల్లా వివరాలను ఊళ్ల టేబుల్ నుంచి తెచ్చుకుంటే ఒకేచోట సరిదిద్దితే సరిపోతుంది.

ప్రతి తేదీకీ ఒక వరుస ఉండే తేదీల టేబుల్‌లో ఆర్థిక సంవత్సరంతో పాటు "సీజన్" అనే కాలమ్ కూడా వేసుకోవాలి. జీడి పంట వేసవిలో చేతికొస్తుంది. మార్చిలో మొదలైన పిక్కల కొనుగోలు ఏప్రిల్, మే నెలల్లో ముమ్మరమవుతుంది. ఏప్రిల్ నుంచి మార్చి వరకు లెక్కించే ఆర్థిక సంవత్సరం ఈ ఒక్క పంటనూ నడిమికి నరికి రెండు కాలమ్‌లలో పడేస్తుంది. పన్నుల లెక్కకు ఆర్థిక సంవత్సరమే వాడాలి, అందులో సందేహం లేదు. కానీ "నిరుటి పంటకూ ఈ ఏటి పంటకూ తేడా ఎంత" అని అడిగే యజమానికి సీజన్ కాలమ్‌తో వేసిన మ్యాట్రిక్సే సరైన జవాబు ఇస్తుంది.

మూడో మెట్టు: పట్టికను కట్టడం

విజువలైజేషన్స్ పేన్‌లో టేబుల్ గుర్తును నొక్కి, కావలసిన ఫీల్డ్‌లను (డేటాలోని కాలమ్‌లను) ఎంచుకునే వరుసలోనే ఎడమ నుంచి కుడికి చేర్చండి. మొదట గుర్తుపట్టే వివరాలు (తేదీ, బిల్లు నంబరు, పార్టీ, ఊరు), తరువాత సరుకు, గ్రేడు, చివర కిలోలు, ధర, మొత్తం రావాలి. కన్ను ఎడమ వైపు వరుసను గుర్తుపట్టి కుడి వైపు అంకెను చదువుతుంది కాబట్టి ఈ క్రమాన్ని తారుమారు చేయవద్దు.

అంకెల కాలమ్‌లను పవర్ బీఐ తనంతట తానే కూడుతుంది. ధర కాలమ్‌ను కూడటం వల్ల ప్రయోజనం లేదు. ఆ ఫీల్డ్ పక్కనున్న బాణం గుర్తు నొక్కి "డోంట్ సమ్మరైజ్" ఎంచుకోవాలి. అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. టేబుల్ విజువల్ (తెర మీద గీసిన పట్టిక) అచ్చంగా ఒకేలా ఉన్న వరుసలను ఒకటిగా కలిపేస్తుంది. ఒకే రోజున ఒకే చిల్లర వ్యాపారి ఒకే గ్రేడు, ఒకే ధరకు, పది కిలోల చొప్పున రెండుసార్లు కొన్నాడనుకుందాం. కిలోల కాలమ్‌ను కూడికగా ఉంచితే 20 కిలోల ఒకే వరుస కనిపిస్తుంది, కూడవద్దంటే 10 కిలోల ఒకే వరుస మిగిలి రెండో అమ్మకం కనుమరుగవుతుంది. పట్టికలో బిల్లు నంబరునూ, బిల్లులోని వరుస సంఖ్యనూ ఉంచితే ఈ బాధ ఉండదు. ఆ సంఖ్య అందంగా లేదని తీసేయాలనిపిస్తుంది గాని, తీయకండి.

మిగిలిన అమరిక త్వరగా ముగిసేదే. పేర్లు ఎడమకు, అంకెలు కుడికి జరపండి. పైసలు అవసరం లేనిచోట దశాంశాలు తీసేయండి. "కిలోలు", "రూపాయలు" అనే ప్రమాణాన్ని ప్రతి గడిలో కాకుండా శీర్షికలో ఒక్కసారి రాయండి. తేదీ శీర్షికను ఒకటి రెండుసార్లు నొక్కి క్రమం మారిస్తే కొత్త బిల్లు పైకి వస్తుంది. షిఫ్ట్ కీ పట్టుకొని పార్టీ శీర్షికను కూడా నొక్కితే తేదీ లోపల పార్టీల క్రమం ఏర్పడుతుంది.

నాలుగో మెట్టు: మ్యాట్రిక్స్‌ను కట్టడం

మ్యాట్రిక్స్‌కు మూడు అరలు ఉంటాయి: రోస్, కాలమ్స్, వాల్యూస్. రోస్ అరలో ముందు తరగతి (గుండు, బద్ద, ముక్క), దాని కింద గ్రేడు ఉంచండి. కాలమ్స్ అరలో నెల, వాల్యూస్ అరలో కిలోలు ఉంచండి. తరగతి పక్కన ప్లస్ గుర్తు కనిపిస్తుంది. గుండు పక్కనున్నదాన్ని నొక్కితే డబ్ల్యూ 180, 210, 240, 320 గ్రేడులు మెట్లుగా దిగుతాయి. స్టెప్డ్ లేఔట్ అనే ఈ మెట్ల అమరిక తెర మీద స్థలం కలిసివచ్చేలా చేస్తుంది గాని, నివేదికను ఎక్సెల్‌కు తీసుకెళ్లి మళ్లీ వాడుకోదలచినవారు దాన్ని ఆపేసి, తరగతి ఒక కాలమ్, గ్రేడు ఒక కాలమ్‌గా విడదీసుకోవడం మంచిది.

క్రమం విషయంలో సాఫ్ట్‌వేర్‌ను నమ్మవద్దు. నెలల పేర్లు తెలుగులో రాస్తే అది అక్షర క్రమంలో అక్టోబర్, ఆగస్టు, ఏప్రిల్, జనవరి అంటూ పేరుస్తుంది. తేదీల టేబుల్‌లో ఏప్రిల్‌కు 1, మేకు 2, మార్చికి 12 అని సంఖ్యలిచ్చి, నెల కాలమ్‌ను ఎంచుకొని "సార్ట్ బై కాలమ్" ద్వారా ఆ సంఖ్యల కాలమ్‌ను చూపించాలి. గ్రేడులకు కూడా ఇలాంటి సంఖ్యే ఇవ్వాలి. డబ్ల్యూ పక్కనున్న అంకె ఒక పౌండుకు తూగే పప్పుల సంఖ్యకు గుర్తు. అంకె పెరిగేకొద్దీ పప్పు చిన్నదవుతుంది, ధర తగ్గుతుంది. వ్యాపారి మనసులో ఉన్న క్రమం పెద్ద గుండు నుంచి ముక్క దాకా ఉంటుంది కాబట్టి మ్యాట్రిక్స్ కూడా అలాగే దిగాలి.

పన్నెండు నెలలకు కిలోలు, విలువ, సగటు ధర మూడూ పెడితే ముప్పై ఆరు కాలమ్‌లవుతాయి, చూసేవాడు పక్కకు జరుపుకుంటూ విసిగిపోతాడు. వాల్యూస్ ఎంపికల్లో "స్విచ్ వాల్యూస్ టు రోస్" ఆన్ చేస్తే ఆ మూడూ ఒక్కో గ్రేడు కింద వరుసలుగా దిగుతాయి, కాలమ్‌లు పన్నెండే ఉంటాయి. ఇంకా మేలైన దారి ఒక మ్యాట్రిక్స్‌లో ఒకే కొలమానం ఉంచడం.

అయిదో మెట్టు: మొత్తాల వరుస

యజమాని ముందుగా చూసేది అడుగు వరుసనే. దాని మీద నమ్మకం పోతే పైనున్న వరుసలు ఎంత సరిగ్గా ఉన్నా ఆయన మళ్లీ ఎర్ర అట్ట ఖాతా పుస్తకమే తీస్తాడు, ఆయనను తప్పుపట్టలేం.

పవర్ బీఐలో మొత్తం వరుస అంటే పైన కనిపించే అంకెల కూడిక కాదు. ఆ కొలమానపు సూత్రాన్ని మొత్తం డేటా మీద మళ్లీ కొత్తగా లెక్కిస్తుంది. మామూలు కూడికలకు రెండూ ఒకటే అవుతాయి. నిష్పత్తుల దగ్గర తేడా బయటపడుతుంది. పిక్కల నుంచి పప్పు ఎంత దిగిందో చూపే ఈ చిన్న పట్టిక చూడండి.

| లాటు | పిక్కలు (కిలోలు) | పప్పు (కిలోలు) | దిగుబడి శాతం |
|---|---:|---:|---:|
| ఎ | 1,000 | 250 | 25.0 |
| బి | 9,000 | 1,890 | 21.0 |
| మొత్తం | 10,000 | 2,140 | 21.4 |

25కూ 21కీ సగటు 23. శాతాన్ని ముందే ఒక కాలమ్‌గా లెక్కించి ఉంచుకుని, పట్టికలో దానికి యావరేజ్ ఎంచుకున్నవారికి అడుగున ఆ 23 కనిపిస్తుంది. పది వేల కిలోలకు 23 శాతం అంటే 2,300 కిలోలు. గోదాములో ఉన్నది 2,140 కిలోలు. ఉండని 160 కిలోల పప్పు, అంటే పది కిలోల లెక్కన పదహారు టిన్నులు, కాగితం మీద పుట్టుకొచ్చింది. శాతాన్ని కాలమ్‌గా కాక మెజర్‌గా, అంటే చూపించే ప్రతిచోటా కొత్తగా లెక్కించే సూత్రంగా రాయాలి: పప్పు కిలోల మొత్తాన్ని పిక్కల కిలోల మొత్తంతో డివైడ్ ఫంక్షన్ ద్వారా భాగించాలి. అప్పుడు ప్రతి వరుసలోనూ, ప్రతి ఉపమొత్తంలోనూ, అడుగునా సరైన శాతమే వస్తుంది. సగటు ధరకు కూడా ఇదే పద్ధతి వర్తిస్తుంది: విలువ మొత్తాన్ని కిలోల మొత్తంతో భాగించాలి.

నిల్వల సంగతి వేరు. ఏప్రిల్ ఆఖరున 400 కిలోలు, మే ఆఖరున 350 కిలోలు ఉన్నాయంటే రెండు నెలల నిల్వ 750 కిలోలు కాదు. గ్రేడుల మీదుగా నిల్వను కూడవచ్చు, నెలల మీదుగా కూడకూడదు. నెలల మొత్తం కాలమ్‌లో ఆఖరి తేదీ నాటి నిల్వ వచ్చేలా మెజర్‌ను రాయాలి. అది కుదరకపోతే ఫార్మాట్ పేన్‌లో కాలమ్ సబ్‌టోటల్స్‌ను ఆపేయడం ఉత్తమం. తప్పు మొత్తం చూపడం కంటే మొత్తమే చూపకపోవడం నయం.

పార్టీల సంఖ్య దగ్గర మరో సందేహం వస్తుంది. ఏప్రిల్‌లో 40 పార్టీలు, మేలో 35 పార్టీలు కొంటే మొత్తంలో 52 అని రావచ్చు. అది తప్పు కాదు. రెండు నెలల్లోనూ కొన్న పార్టీని ఒక్కసారే లెక్కించారు. చూసేవారికి అది తెలియదు కనుక విజువల్ శీర్షిక కింద ఒక వాక్యంలో రాసి ఉంచండి. ఒక్కో మట్టంలో ఒక్కో రకం లెక్క కావలసినప్పుడు ఈజ్‌ఇన్‌స్కోప్ ఫంక్షన్ ఉపయోగపడుతుంది. ప్రస్తుతం గ్రేడు మట్టంలో ఉన్నామా, తరగతి మట్టంలో ఉన్నామా అన్నది అది చెబుతుంది. కనిపించే వరుసల కూడికే మొత్తంగా రావాలనుకుంటే సమ్‌ఎక్స్, వాల్యూస్ ఫంక్షన్లను కలిపి వాడాలి.

ఆరో మెట్టు: రంగులు, ఖాళీ గడులు

సెల్ ఎలిమెంట్స్ అనే విభాగంలో గడి నేపథ్య రంగు, అక్షరాల రంగు, డేటా బార్లు, ఐకాన్‌లు పెట్టుకునే వీలుంది. ధరల మ్యాట్రిక్స్‌కు లేత నుంచి ముదురు రంగు వేస్తే డబ్ల్యూ 180 వరుస ఎప్పుడూ ముదురుగానూ, ముక్క వరుస ఎప్పుడూ లేతగానూ ఉంటాయి. పెద్ద గుండు ఖరీదైనదని చెప్పడానికి రంగు అక్కర్లేదు. ఆ గ్రేడు గత నెల ధరతో తేడా ఎంత అనే మెజర్ ఒకటి రాసి, రూల్స్ పద్ధతిలో రంగును దాని మీద ఆధారపరిస్తే, గడిలో ధరే ఉంటుంది, రంగు మాత్రం మార్పును చూపుతుంది. ఎరుపు, ఆకుపచ్చలను విడిగా గుర్తించలేనివారు కూడా నివేదిక చూస్తారు కాబట్టి రంగుతో పాటు బాణం ఐకాన్ పెట్టడం మంచిది. మొత్తాల వరుసకు రంగు వేయవద్దు.

ఖాళీ గడికీ సున్నాకూ తేడా ఉంది. కొనుగోలు జరిగే వీలుండీ జరగకపోతే సున్నా, అసలు ఆ లెక్కే లేకపోతే ఖాళీ. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా తీర ప్రాంతమైన ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలను కూల్చివేసింది. వజ్రపుకొత్తూరు, మందస వంటి మండలాల నుంచి పిక్కలు కొనే వ్యాపారి ఊరు వారీగా, సీజన్ వారీగా మ్యాట్రిక్స్ వేస్తే, ఆ తరువాతి సీజన్‌లో కొనుగోలే లేని ఊళ్లు తమంతట తామే కనిపించకుండా పోవచ్చు. తోటలు పోయిన ఊరే నివేదికలో మాయమైతే ఆ నివేదిక అసలు విషయాన్నే దాచినట్లు. రోస్ అరలోని ఊరు ఫీల్డ్ మీద "షో ఐటమ్స్ విత్ నో డేటా" ఎంచుకుంటే ఆ ఊళ్లు నిలుస్తాయి. ప్రతి మెజర్‌కూ సున్నా కలిపి గడులు నింపే అలవాటు కొందరికి ఉంది. ఎన్నడూ వ్యాపారం చేయని ఊళ్లన్నీ సున్నాలతో బారులు తీరతాయి కాబట్టి అది నాకు నచ్చదు.

ఏడో మెట్టు: మ్యాట్రిక్స్ నుంచి పట్టికకు దారి

మ్యాట్రిక్స్‌లో ఒక అంకె చూడగానే "ఇది ఎక్కడి నుంచి వచ్చింది?" అన్న ప్రశ్న పుడుతుంది. మూడో మెట్టులో కట్టిన పట్టికను వేరే పేజీలో ఉంచి, ఆ పేజీ డ్రిల్‌త్రూ (ఒక అంకె నుంచి దాని వివరాల పేజీకి వెళ్లే సౌకర్యం) అరలో గ్రేడునూ నెలనూ చేర్చండి. ఇక మ్యాట్రిక్స్‌లో డబ్ల్యూ 240, ఆగస్టు గడి మీద కుడి క్లిక్ చేసి డ్రిల్‌త్రూ ఎంచుకుంటే ఆ అంకెలో కలిసిన బిల్లులు మాత్రమే పట్టికలో వస్తాయి. ఆ పట్టిక అడుగు మొత్తం, బయలుదేరిన గడిలోని అంకె ఒకటే కావాలి. కాకపోతే ఏదో ఫిల్టర్ రెండు పేజీలకూ వర్తించడం లేదని అర్థం. ఐదారు గడుల మీద ఈ పరీక్ష చేయనిదే నివేదికను ఎవరికీ పంపవద్దు.

ఎనిమిదో మెట్టు: అచ్చు, ఎగుమతి

పీడీఎఫ్‌గా ఎగుమతి చేస్తే తెర మీద కనిపించే వరుసలే వస్తాయి, కిందికి జరిపితే వచ్చేవి రావు. వందల వరుసల పట్టికను కాగితాల మీద పూర్తిగా అచ్చు వేయాలంటే పేజినేటెడ్ రిపోర్టు (పేజీలుగా అచ్చు వేయడానికి తయారు చేసే నివేదిక) వాడాలి. విజువల్ నుంచి డేటాను ఎగుమతి చేసేటప్పుడు సీఎస్‌వీకి (కామాలతో విడదీసిన సాదా టెక్స్ట్ ఫైలుకు) 30,000 వరుసల పరిమితి, ఎక్సెల్‌కు 1,50,000 వరుసల పరిమితి ఉన్నాయి. పరిమితి దాటిన వరుసలు ఫైలులో ఉండవు కాబట్టి పెద్ద లెక్కలకు నెల వారీగా ఫిల్టర్ చేసి విడివిడిగా తీసుకోండి.

తెలుగు పేర్లున్న సీఎస్‌వీని రెండుసార్లు నొక్కి నేరుగా తెరిస్తే ఎక్సెల్‌లో పిచ్చి గీతలు కనిపించవచ్చు. డేటా మెనూలో "ఫ్రమ్ టెక్స్ట్ లేదా సీఎస్‌వీ" ద్వారా తెరిచి, ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 యూనికోడ్ యూటీఎఫ్-8 ఎంచుకుంటే అక్షరాలు సరిగా వస్తాయి. పెద్ద మొత్తాలను యజమానికి లక్షల్లో చూపడమే తేలిక. విలువ మెజర్‌ను 1,00,000తో భాగించిన మరో మెజర్ రాసి, శీర్షికలో "రూ. లక్షల్లో" అని స్పష్టంగా పెట్టండి. బిల్లుల పట్టికలో మాత్రం పూర్తి రూపాయలే ఉండాలి.

చివరగా, నివేదిక పై భాగంలో డేటా ఏ తేదీ దాకా చేరిందో చూపే కార్డు ఒకటి ఉంచి, ఆ తేదీ వరకు అమ్మకాల మొత్తాన్ని ఖాతాల సాఫ్ట్‌వేర్‌లోని అమ్మకాల లెడ్జర్‌తో పోల్చండి. రూపాయి తేడా వచ్చినా ముందు నెల వారీగా, తరువాత రోజు వారీగా విడదీసి చూస్తే, రద్దయిన బిల్లో, వాపసు వచ్చిన సరుకో, రెండుసార్లు దిగుమతి అయిన ఫైలో దొరుకుతుంది.